మాస్టారు రాసిన తలుపు

బస్సెక్కగానే కిటికీ పక్క సీటు దొరికింది. ఇవాళ తనకి అంత అదృష్టం అక్కర్లేదనిపించింది ఆమెకి. నిలబడి, పైనున్న పట్టీ పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా పక్కవాళ్ల మీద పడకుండా కాళ్లు బిగించుకుని వెళితే బావుండేది, ఒంటికి పని ఉంటే బుర్ర ఊరుకుంటుంది. ఇలా మెత్తగా కూర్చోబెట్టి యాభై నిమిషాలు చేతికిస్తే ఏం చేసుకోవాలి మనిషి? ఒళ్లో సంచి, సంచిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఒక్కటే కాగితం, కాగితం మీద పద్నాలుగు లైన్లు. పొద్దున ఆఫీసుకి ఫోన్ చేసి పంటి నొప్పి అని చెప్పింది. చెబుతూ నిజంగానే నాలుకతో వెనక పన్ను తడుముకుంది. అబద్ధానికి కూడా సాక్ష్యం వెతుక్కోవడం, ఇరవై ఏళ్లు ప్రోగ్రాములు రాసి రాసి పట్టుకున్న రోగం. మొదటి స్టాపు వచ్చింది, ముందు తలుపు బుస్సుమని తెరుచుకుంది, చుట్టిన చాప ఒకటి నిలువుగా ముందు ఎక్కింది, దాని వెనక దాన్ని మోస్తున్న మనిషి. తలుపు మూసుకోబోయి, చాప కొసకి తగిలి, వెనక్కి జరిగి, మళ్లీ మూసుకుంది. ఎవరో రాశారు దాన్ని కూడా, అనుకుంది. ఏదైనా తగిలితే వెనక్కి జరుగు అని ఎక్కడో ఏదో గదిలో కూర్చుని ఎవరో ఒక లైను రాశారు, ఆ లైను ఈ చాప కొస దగ్గర పనిచేసింది, రాసినవాళ్లకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. పనిచేసినప్పుడు ఎవరూ వచ్చి చెప్పరు. పనిచేయనప్పుడే మన పేరు వెతుక్కుంటూ వస్తారు.

లిఫ్టులకి బుర్ర రాయడం వాళ్ల కంపెనీ పని. ఏ అంతస్తులో ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఇద్దరు ఒకేసారి పిలిస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి. కరెంటు పోతే బ్యాటరీ మీద మెల్లగా దగ్గర్లోని అంతస్తుకి దిగి, తలుపులు తెరిచి, లోపలివాళ్లని బయటికి వదలాలి. ఆ చివరి ముక్క మాస్టారు రాశారు. మాస్టారంటే ఆఫీసులో అందరికీ మాస్టారే. ఇరవై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఆ స్కూలు మూతపడితే నలభై ఎనిమిదో ఏట తన కూతురి ఈడు పిల్లల పక్కన కూర్చుని కోర్సు చదివి, పరీక్ష రాసి, ఆమె టీములో అందరికంటే చిన్న ఉద్యోగంలో అందరికంటే పెద్ద మనిషిగా చేరాడు. మొదట ఎగతాళికి పెట్టిన పేరే అది. తను రాసిన ప్రోగ్రాముని పెదవులు కదుపుతూ, కింద వేలు పెట్టి, హాజరు పట్టీ చదివినట్టు చదివేవాడు. వెనక సీట్లలో కుర్రకారు ఒక్కో లైనుకీ 'ప్రెజెంట్ సార్' అని గొణిగేవాళ్లు. ఆయన వినీ విననట్టు నవ్వుకుని తర్వాతి లైనుకి వెళ్లేవాడు. సాయంత్రం వెళ్లేముందు బోర్డు మొత్తం తుడిచి వెళ్లేవాడు, అందులో వేరేవాళ్లు రాసుకున్నవి ఉన్నా సరే. దానికి ఆమె రెండుసార్లు కసురుకుంది. అలవాటండీ మేడం, తర్వాతి క్లాసు వాళ్లు వస్తారని, అన్నాడు.

బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఇంజను వణుకుతోంది, ఆ వణుకు కిటికీ అద్దంలోంచి ఆమె కణతలోకి వస్తోంది. అవతల మేడ మీద ఒకామె దుప్పటి దులుపుతోంది. దులుపు దులుపుకీ చేతులు పైకి లేస్తున్నాయి, చప్పుడు మాత్రం ఇక్కడికి రావడం లేదు. ఎనిమిది నెలల కిందట లిఫ్టులో ఇరుక్కున్న దర్జీ ఆమె కూడా ఇలాగే చేతులు ఎత్తి కొట్టి ఉంటుంది తలుపుని. ఆ చప్పుడు ఎవరికి వినిపించింది? అయిదంతస్తుల భవనం, మధ్యాహ్నం మూడు, కరెంటు పోయింది, లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది, దిగలేదు, తెరవలేదు. లోపల దర్జీ ఆమె ఒక్కతే, మోచేతి మీద కుట్టు పూర్తయిన బట్టలు, ఆమెకి ఉబ్బసం, పీల్చుకునే మందు రెండంతస్తుల కింద కుట్టు మిషను సొరుగులో. ఫైరు వాళ్లు వచ్చి తలుపు విరిచేసరికి యాభై నిమిషాలైంది. యాభై నిమిషాలు, సరిగ్గా ఈ ప్రయాణమంత. ఆ లెక్క ఇప్పుడే తట్టింది ఆమెకి, తట్టగానే గాలి కోసమన్నట్టు కిటికీ అద్దం పక్కకి లాగింది, అది సగమే వచ్చి ఇరుక్కుంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి దర్జీ ఆమె బతికి బయటపడింది. బయటపడింది కాబట్టే ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఊపిరి పీల్చుకున్నాక ఇంక ఒక పేరు కావాల్సి వచ్చింది.

ఆ లిఫ్టు ఎందుకు తెరుచుకోలేదో ఎవరికైనా ఎలా చెప్పాలని నిన్న మధ్యాహ్నం నుంచి మనసులో మాటలు పేర్చుకుంటోంది. ప్రోగ్రాముల పని తెలియని తన భర్తకి నిన్న రాత్రి అన్నం దగ్గర చెప్పి చూసింది. చూడండి, ఇంటర్‌ఫేస్ అని ఒకటుంటుంది, ఒప్పంద పత్రం లాంటిది, ఫలానా పనులు చేస్తానని సంతకం పెట్టడం అన్నమాట. ఆ పత్రంలోనే ఒక్కో పనికీ ఒక మామూలు పద్ధతి రాసి ఉంటుంది. సంతకం పెట్టినవాడు తన పద్ధతి రాయకపోతే అదే నడుస్తుంది, రాస్తే మాత్రం అతని మాటే చెల్లాలి. తలుపు పత్రంలో మామూలు పద్ధతి ఏమిటంటే, అనుమానం వస్తే తలుపు మూసి ఉంచు. మాస్టారు దాని మీద తన పద్ధతి రాశారు, కరెంటు పోతే దిగి తెరువు అని. కంపైలరని ఒక దుబాసీ ఉంటుంది, మనం రాసింది యంత్రం భాషలోకి తిప్పుతుంది. ఆ దుబాసీ మాస్టారి మాట వదిలేసి పత్రంలో మాట చెప్పింది యంత్రానికి. భర్త పెరుగు కలుపుకుంటూ, అంటే ఆయన తప్పు లేదన్నమాట, అన్నాడు. అంతే. నాలుగు మాటల్లో తేల్చేశాడు. ఆమె పేర్చుకున్న మాటలన్నీ కంచం పక్కన పడి ఉన్నాయి.

తప్పు లేదు. లేదని అప్పుడే చెప్పాడు ఆయన. పొడుగుబల్ల చుట్టూ పన్నెండు మంది, ఏసీ చలికి చేతులు కట్టుకుని. మాస్టారు లేచి నిలబడి మాట్లాడాడు, అక్కడ ఎవరూ నిలబడి మాట్లాడరు. నేను రాసింది సరిగానే ఉంది, నా దగ్గర పరీక్షిస్తే సరిగానే నడుస్తోంది, లిఫ్టులోకి ఎక్కించేందుకు చివర్లో వేగం కోసం బిగించి తయారుచేసినప్పుడే నా పద్ధతి వదిలి వేరేది పిలుస్తోంది, కంపైలర్లో ఏదో ఉందని నా అనుమానం, అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఈ వృత్తిలోకి వచ్చిన ప్రతివాడూ మొదటి నెలలో కంపైలర్ని తిడతాడు, రెండో నెలలో సిగ్గుపడతాడు, అది అందరికీ తెలిసిన నవ్వు. అప్పుడు ఆమె అంది. ఏమందో ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. "మాస్టారూ, ఆ కంపైలర్ని లక్షల మంది వాడుతున్నారు. అందులో తప్పు దొరికింది మీ ఒక్కరికేనా?" గది గదంతా నవ్వింది. బిగుసుకుపోయి ఉన్న గది ఒక్కసారి వదులైంది, మేనేజరు కూడా కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ నవ్వు తన మీదికి వెచ్చగా వచ్చింది, దాచుకునేదేముంది, బావుంది అప్పుడు. మాస్టారు మాత్రం ప్రశ్నకి జవాబు వెతుకుతున్నవాడిలా ఒక క్షణం ఆలోచించి కూర్చున్నాడు. రిపోర్టు ఆమే రాసింది. కారణం అన్న గడిలో 'రాసినవారి అజాగ్రత్త' అని రెండే మాటలు. ఆయన ఇంకో రెండు రోజులు ప్రోగ్రాము తన దగ్గర ఉంచమని అడిగాడు, రూల్సు ఒప్పుకోవండీ అంది, సాయంత్రానికి ఆయన ఉద్యోగమూ పాస్‌వర్డులూ పోయాయి. వెళ్లేముందు బోర్డు తుడిచాడు.

ఎవరి దగ్గర నేర్చుకుంది ఇదంతా? తప్పు ముందు నీలో వెతుక్కో. నాన్న మాట. నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు, ఇంట్లో కూడా పప్పుల పొట్లం కట్టిన కాగితంలో అచ్చుతప్పులకి పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. ఒకసారి ఏదో పుస్తకంలో పేజీ పేజీకీ కుడి అంచున ఒక్కో అక్షరం ఎగిరిపోయింది. యజమాని ఇంటికే వచ్చి గుమ్మంలో నిలబడి అరిచాడు. నాన్న చేతులు కట్టుకుని, నా కళ్లే నన్ను మోసం చేశాయి, తప్పు నాది, అన్నాడు. ఆమెకి పదేళ్లు, పరదా వెనక నిలబడి, నాన్న ఎంత గొప్పవాడో అనుకుంది. ఇన్నేళ్లూ అలాగే అనుకుంది. ఇప్పుడు, ఈ బస్సులో, సగం తెరుచుకున్న కిటికీలోంచి డీజిల్ వాసన కొడుతుంటే, అదే గుమ్మాన్ని ఇంకో వైపు నుంచి చూస్తోంది. ఆ తర్వాత కూడా అక్షరాలు పోతూనే వచ్చాయి కదా. రెండేళ్లు పోయాయి. ఎప్పుడో ఎవరో మెకానిక్ వచ్చి రోలరు కుడి కొస అరిగిపోయిందని తేల్చాడు. నాన్న తప్పు తన మీద వేసుకున్న రోజు నుంచి యంత్రం వైపు చూసే పని ఎవరికీ లేకపోయింది. నాన్నది వినయమే, కానీ దాంతో అందరూ వెతకడం మానేశారు. తను నాన్న దగ్గర తీసుకున్నది ఆ వినయం కూడా కాదు. నాన్న తన వేలు తన వైపే చూపించుకున్నాడు. తను అదే వేలు మాస్టారి వైపు తిప్పింది. తిప్పి, అదే సూత్రం అనుకుంది.

కాగితం బయటికి తీసింది, మళ్లీ లోపల పెట్టింది. అగ్నిప్రమాదం వస్తే లిఫ్టు ఏం చేయాలో రాస్తూ పట్టుకుంది దీన్ని, అదీ తను రాసినదాన్లో. తను రాసింది కాబట్టి మూడు రోజులు నమ్మకంగా వెతికింది, మాస్టారు అడిగిన రెండు రోజులే కదా ఇవ్వనిది. ఒక్కో లైనూ తీసేసి చూడటం, తప్పు ఇంకా ఉందా, ఉంది, ఇంకోటి తీసెయ్, ఇంకా ఉందా. తొమ్మిది వందల లైన్లు పద్నాలుగుకి వచ్చాయి. ఒక ఇంటర్‌ఫేస్, దాన్నుంచి పుట్టిన రెండోది, మధ్యలో ఏమీ చేయని ఒక పేరెంట్ క్లాసు, మిగతావి కట్టుకోవడానికి పునాదిలా వేసి ఉంచే ముక్క. ఆ మూడూ ఆ వరసలో ఉండి, బిగించి తయారుచేస్తేనే దుబాసీ పొరపడుతుంది. నిన్న మధ్యాహ్నం తేలింది. తేలినప్పుడు సంతోషమేసింది, నిజం, కుర్చీలోంచి లేచింది కూడా. లేచాక మాస్టారి ఖాళీ బల్ల కనిపించింది, దాని మీద ఎవరో ప్రింటరు కాగితాల కట్టలు పేర్చారు.

కంపైలర్ తయారుచేసే వాళ్లకి రాద్దామని కూర్చుంటే, ముందు ఇలాంటిదే ఇంకెవరైనా రాశారేమో చూడండి అని అడిగింది వాళ్ల ఫిర్యాదుల పేజీ. చూసింది. ఉంది. ఎనిమిది నెలల కిందటిది. రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట 'నైన్త్ బి' అని ఉంది. అయ్యా, ఈ కింది విషయం మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను, ఒకటి, రెండు, మూడు, ప్రతి వాక్యానికీ చివర చుక్క. పేరు ఎందుకు, ఆ చుక్కలు చాలు, మాస్టారే. చిన్న నమూనా పంపండి, మేమూ నడిపి చూస్తాం, అని వాళ్లు మర్యాదగానే అడిగారు. ప్రోగ్రాము ఇప్పుడు నా దగ్గర లేదు, గుర్తున్నంత వరకు రాస్తున్నాను, అని ఈయన. మూడుసార్లు రాశాడు. మూడింట్లోనూ ఆ మధ్యలో ఏమీ చేయని క్లాసు లేదు, ఏమీ చేయనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మాకు సరిగానే నడుస్తోందండీ, అని వాళ్లు. అందరి మాటా నిజమే. చివర ఆయన ఒక్క లైను రాశాడు: 'బహుశా పొరపాటు నాదే అయి ఉంటుంది, మీ సమయం తీసుకున్నందుకు మన్నించండి.' ఆ తర్వాత ముప్పై రోజులకి ఆ ఫిర్యాదు దానంతట అదే మూసుకుపోయింది.

చివరి స్టాపు. చాప మనిషి ఎప్పుడు దిగాడో చూడనే లేదు. దిగి, ఆఫీసు రిసెప్షన్ అమ్మాయి నిన్న చెప్పిన గుర్తుల ప్రకారం నడిచింది, పెయింట్ల కొట్టు దాటి, పాత సామాన్ల గోదాము దాటి, గోడ మీద డ్రైవింగ్ స్కూలని పెద్దక్షరాలు. ముందు రెండు చిన్న కార్లు. ఒకదాంట్లో డ్రైవరు పక్క సీటులో మాస్టారు కూర్చుని, తొడ మీద పుస్తకం పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు, నేర్పేవాళ్ల కోసం పెట్టింది. జుట్టు మొత్తం తెల్లబడింది. తలెత్తి, గుర్తుపట్టి, తొందరగా దిగబోయి, ఆగి, మళ్లీ వంగి హ్యాండ్‌బ్రేక్ లాగి చూశాడు, అప్పుడు దిగాడు, దిగాక మళ్లీ కిటికీలోంచి చెయ్యి పెట్టి చూశాడు.

"రండి మేడం. డ్రైవింగ్ నేర్చుకుంటారా?" అన్నాడు. కోపం లేదు గొంతులో, కోపం ఉంటే సులువయ్యేది. ఆమె కాగితం తీసి ఇచ్చింది.

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. కాగితాన్ని కారు బానెట్ మీద పరిచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు, పెదవులు కదులుతున్నాయి. ఏడో లైను దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. గోదాము లోంచి ఇనుము కొడుతున్న చప్పుడు. చాలాసేపటికి, ఈ క్లాసు, అన్నాడు, మధ్యలో ఇదొకటుంది, ఇది మర్చిపోయాను నేను. ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. కారుకి ఆనుకుని నిలబడి, మూడుసార్లు రాశానండీ, మూడుసార్లూ బానే నడిచింది, ఇంక నా కళ్ల మీద నాకు నమ్మకం పోయింది, అన్నాడు. తర్వాత మెల్లగా, ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూస్తున్నాడట, వీధి చివరిదాకా వెళ్లి తాళం కోసం వెనక్కి వస్తున్నాడట, భార్య మొదట్లో నవ్విందట, ఇప్పుడు నవ్వడం లేదట. చెబుతూనే జేబులో పెన్ను తీసి, కాగితం మీద వంగి, రెండు లైన్లు కొట్టేశాడు. ఇవి రెండూ అక్కర్లేదు మేడం, ఇవి లేకపోయినా తప్పు వస్తుంది చూడండి, అన్నాడు. చూసింది. నిజమే. ఆయన ముఖంలో వెలుగు చూసి ఆమె కళ్లు తిప్పుకుంది.

తప్పు నాది మాస్టారూ, అంది చివరికి. ఆ రోజు అలా అని ఉండకూడదు, అలా రాసి ఉండకూడదు, మీకు ఆ రెండు రోజులు ఇవ్వాల్సింది. ఇంకా ఏదో చెప్పబోయింది. ఆయన పెన్ను మూత పెట్టి, ఆఫీసులో ఏమన్నారు, అని అడిగాడు. ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెప్పాలని వచ్చాను, అంది, ఆ మాట తనకి గర్వంగానే వినిపించింది.

మాస్టారు కాగితం మడవబోయి ఆగాడు. "నా దగ్గరికి రావడం మంచిదేనమ్మా. కానీ ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. అక్కడ పన్నెండు మంది ఉన్నారు." లెక్కలో ఒక మెట్టు దాటేసిన పిల్లకి ఆ మెట్టు చూపించినట్టు అన్నాడు. అని, వెంటనే ఇంకోటి అడిగాడు, అదే ముఖ్యమైనట్టు. "ఈ అచ్చులో రాసినవి ఇప్పుడు ఎన్ని లిఫ్టుల్లో ఉన్నాయి?"

మాస్టారు రాసిన తలుపు తీసేసి తనే ఇంకోటి రాసింది, అది వేరే తీరు, అది బానే ఉంది. కానీ ఆ తర్వాత అధిక బరువుకి ఒకటి రాశారు, వరదనీళ్లకి ఒకటి, రెండూ అదే క్లాసు మీద కట్టినవే. నిన్న మధ్యాహ్నం నుంచి తనకి తెలుసు ఈ తప్పు. నిన్న మధ్యాహ్నం నుంచి తన పాపం గురించి, నాన్న గురించి, ఏ ముఖం పెట్టుకుని ఇక్కడికి రావాలా అని ఆలోచించింది తప్ప, ఒక్కసారి, ఒక్క లిఫ్టు గురించి ఆలోచించలేదు. ఇవాళ పంటి నొప్పని ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి ఎంతమంది ఎక్కి ఉంటారు, ఎంతమంది దిగి ఉంటారు.

డ్రైవింగ్ నేర్చుకునే ఒకావిడ వచ్చింది, యాభై ఏళ్లుంటాయి, చేతిరుమాలు గట్టిగా పట్టుకుని ఉంది. మాస్టారు ఒక్క నిమిషం అని ఆవిడకి సైగ చేసి, కాగితం ఈమె సంచి మీద పెట్టి, మీరు ఫోన్ చేసుకోండి, మేం ఈ వీధి చుట్టూ తిరిగి వస్తాం, అని కారెక్కాడు. ఈసారి హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారే చూశాడో, అసలు చూడలేదో, ఆమె గమనించలేదు, అప్పటికే నంబరు నొక్కుతోంది. కారు రెండు కుదుపులు కుదిపి కదిలింది.

మేనేజరు పలకరింపు పూర్తి కానివ్వలేదు. అందర్నీ పొడుగుబల్ల గదిలోకి పిలవండి, పన్నెండు మందినీ, ఫోన్ బల్ల మధ్యలో పెట్టండి, అంది. ఏమైంది, రేపు మాట్లాడుకోవచ్చు కదా, అన్నాడు ఆయన. లేదండీ, ఇప్పుడే, అంది. కుర్చీలు జరుగుతున్న చప్పుడు, ఎవరో దగ్గడం, ఎవరో నవ్వబోయి మానేయడం. తలుపు మూసిన చప్పుడు అయ్యేదాకా ఆగింది. గోదాములో ఇనుము కొట్టడం ఆగలేదు, దాన్ని మించి వినిపించేలా గొంతు పెంచాల్సి వచ్చింది. ఎనిమిది నెలల కింద ఆ గదిలో తను అన్న మాట మళ్లీ యథాతథంగా అంది, ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారు రాసింది సరిగానే ఉందని, కంపైలరే పొరపడిందని, రుజువు తన చేతిలో ఉందని, రిపోర్టులో అజాగ్రత్త అన్న మాట పక్కన తన పేరు ఉండాలని చెప్పింది.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఓదారుస్తారు, ఓదారిస్తే పని ఆగిపోతుంది, అందుకని ఆమే అంది, "పెన్ను తీసుకుని రాసుకోండి. ఈ లిఫ్టులు ముందు ఆపించాలి." నదివైపు ఆసుపత్రి, రెండో బ్లాకు. కోర్టు పక్కన తొమ్మిదంతస్తులది. ఆడపిల్లల హాస్టలు, రెండూ. గ్రంథాలయం వెనక కొత్తది. ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చెబుతోంది, ఒక్కోదానికీ అటునుంచి, రాశాను, అని ఎవరో అంటున్నారు. వీధి మలుపులో మాస్టారి కారు ఆగి ఆగి తిరుగుతోంది. ఇంకా పదకొండు ఉన్నాయి.